తమలపాకు ఒబ్బట్లు

సాకమ్మ చెయ్యి పడితే ఒబ్బట్టు చిరగదని తుంబలహళ్లి చుట్టుపక్కల ఒకప్పుడు పెద్ద పేరు. పెళ్ళివాళ్ళు పొయ్యి వెలిగించడానికి ముందే ‘సాకమ్మకు చెప్పి పంపినారా లేదా?’ అని అడిగేవాళ్ళు. ఆమె వచ్చి, కొంగు నడుముకు దోపుకుని, అరిటాకు మీద నూనె రాసి కూర్చుందంటే నూరు ఒబ్బట్లు పూర్తయ్యేదాకా లేచేది కాదు. పూర్ణం అంచు దాకా పాకాలి, పైపొర పలచగా ఉండాలి, పెనం మీద తిప్పేటప్పుడు ఒక్కటంటే ఒక్కటి పగలకూడదు. అదొక విద్య. బడి ముఖం చూడని మనిషికి దేవుడిచ్చిన ఒక్కగానొక్క విద్య.

ఇప్పుడు ఆమెను ఎవరూ పిలవరు. పిలిచి ఆరేళ్ళయింది. ఎందుకు పిలవరో ఊళ్ళో ఏ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. నవ్వుతూ చెబుతాడు, పాడు సంత. “ఆయమ్మ లవ్వు ఒబ్బట్లు చేస్తాది” అంటాడు.

సాకమ్మ పుట్టిల్లు బి. మల్లాపురం పక్కన. పద్దెనిమిదో ఏట నాగరాజప్ప వెంట ఈ ఊరికి వచ్చింది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, ఎప్పటినుంచో అంతే. తెలుగు అక్షరం ఆ వంశంలో ఎవరికీ రాదు. తమిళ అక్షరం నాగరాజప్పకు కూడబలుక్కుంటే వస్తుంది, సాకమ్మకు అదీ రాదు. నాలుగు ఆవులు, ఎకరం రాగి చేను, పెళ్ళయిన ఏడేళ్ళకు పుట్టిన ఒక్క కూతురు. బళ్ళో అయ్యవారు మంచి తమిళ పేరని చెబితే నాగరాజప్ప తెన్మొళి అని పెట్టాడు. ఆ పిల్ల కోసం ఎన్ని చేశాడు! ధర్మపురి కాలేజీలో చేర్చిన రోజున ఆవులకు కూడా కొత్త పలుపుతాళ్ళు కట్టాడు. ఎంత మురిసిపోయాడో చూసినవాళ్ళకే తెలుసు.

ఆరేళ్ళ క్రితం ఫిబ్రవరి నెల, ఒక సాయంత్రం. పాలు పిండి వచ్చిన సాకమ్మ వెనకాలే కూతురు వంటింట్లోకి వచ్చింది.

“అమ్మా, రేపు కాలేజీలో వంటల పోటీ. ఇంటి నించి పలారం చేసుకోని రమ్మన్నారు. నూగులొబ్బట్లు చెయ్యి మా.”

“చేస్తే పోయె. ఎన్ని కావాల?”

“పన్నెండు. గుండ్రంగా వద్దు, ఇట్ల ఉండాల” అంటూ ఫోను చూపించింది.

సాకమ్మ ఫోను దగ్గరికి తీసుకుని, దూరం పెట్టి, మళ్ళీ దగ్గరికి తీసుకుని చూసింది. “ఇదేంది? తమలపాకు గదా!”

“ఆఁ, తమలపాకే. తమలపాకే అనుకో” అని ఆ పిల్ల పడీ పడీ నవ్వింది.

ఆ బొమ్మ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. బస్సుల వెనక ఉంటుంది, టీవీలో ఉంటుంది. సాకమ్మకు మాత్రం అది తమలపాకే. ఒబ్బట్టుకు మూల ఉండదు, చీలిక అసలే ఉండదు. పైన నొక్కు పెట్టబోతే పూర్ణం బయటికి వచ్చేస్తోంది. రెండు పగిలాయి. సాకమ్మ చేతిలో ఒబ్బట్టు పగలడం అదే మొదలు. మూడోదానికి ఉపాయం తెలిసింది: నువ్వుల పూర్ణం ఉండనే ముందు తమలపాకులాగా ఒత్తుకుని, దాని మీద పిండి పొర సాగదీయాలి. కూతురు తల్లి వేలి మీద తన వేలు పెట్టి, “ఈడ నొక్కు మా, ఈడ ఇంకొంచెం” అంటూ నొక్కింది. పగిలిన రెండూ ఇద్దరూ పొయ్యి ముందే కూర్చుని తినేశారు. ఇంత వయసొచ్చిన కూతురు అంతసేపు తన పక్కన కూర్చోవడం సాకమ్మకు ఎంత సంతోషమో! పోటీలో మొదటి బహుమతి తన ఒబ్బట్లకే అని కూడా అనుకుంది, పిచ్చితల్లి.

పొద్దున స్టీలు డబ్బాలో తనే సర్ది ఇచ్చింది. మామగారి కాలం నాటి డబ్బా, మూత మీద ఆయన పేరు చెక్కి ఉంటుంది. “డబ్బా జాగర్త పాపా, మీ తాత డబ్బా” అంది. “సాయంత్రం తెస్తాలే మా” అని తెన్మొళి బస్సెక్కింది.

సాయంత్రానికి పోలీసు స్టేషన్ నుంచి కబురొచ్చింది. నాగరాజప్ప వెళ్ళేసరికి బెంచీ మీద కూతురు కూర్చుని ఉంది, మెడలో పసుపు తాడుతో. పక్కన కలైయరసన్ అని ఒక అబ్బాయి, నల్లంపల్లివాడు, హైవే మీద పంక్చర్లు వేస్తాడు. వేరే కులం. ఇద్దరి మధ్యా బెంచీ మీద స్టీలు డబ్బా. అందులో ఇంకా నాలుగు ఒబ్బట్లు మిగిలి ఉన్నాయి. నాకు ఇరవై నిండాయి, ఇష్టపడే పెళ్ళి చేసుకున్నాను, ఇతనితోనే పోతాను అని ఆ పిల్ల తమిళంలో చెప్పింది. తండ్రి ముఖం చూసి కాదు, ఎస్సై ముఖం చూసి చెప్పింది.

నాగరాజప్ప ఇంటికొచ్చి ఒక్కటే అడిగాడు.

“ఆ ఒబ్బట్లు నువ్వు చేసి ఇచ్చినావా?”

“పోటీ అని చెప్పినాది...”

“చేసి ఇచ్చినావా, లేదా?”

“ఇచ్చినాను.”

ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. తిట్టలేదు, కొట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని సాకమ్మ ఇన్నేళ్ళలో వెయ్యిసార్లు అనుకుని ఉంటుంది. పెరట్లోకి పోయి కడవతో తల మీద నీళ్ళు పోసుకున్నాడు. “నువ్వూ పోసుకో” అన్నాడు. పోసుకుంది. అంటే కూతురు చచ్చిపోయినట్టు లెక్క. బతికున్న బిడ్డకు స్నానం చేసేశారు ఇద్దరూ.

అంతటితో అయిపోయిందా? మూడో రోజున ఊరి మొదట్లో ఫ్లెక్సు కట్టించాడు. ‘కణ్ణీర్ అంజలి’ అని తమిళంలో పెద్దక్షరాలు, కన్నీటి నివాళి అని అర్థం. కింద తెన్మొళి ఫోటో, పుట్టిన తేదీ, పోయిన తేదీ. పోయిన తేదీ ఫిబ్రవరి పద్నాలుగు. ఫోటో ఏదో చుట్టాల పెళ్ళిలో తల్లీకూతుళ్ళు కలిసి తీయించుకున్నది. ఫ్లెక్సు వేసినవాడు సాకమ్మను కత్తిరించేశాడు కానీ కూతురి భుజం మీదున్న ఆమె చెయ్యి కత్తిరించడానికి వీలుపడలేదు. చచ్చిపోయిన పిల్ల భుజం మీద పచ్చగాజుల చెయ్యి ఒకటి అట్లాగే ఉండిపోయింది.

ఫ్లెక్సు వెలిసిపోయాక నాగరాజప్ప దాన్ని విప్పి తెచ్చి ఆవుల కొట్టానికి కప్పు కింద కట్టాడు. కప్పు కారుతోంది, గుడ్డ గట్టిది, పారేయడమెందుకని. బొమ్మ కిందికి వచ్చింది. అప్పటినుంచి సాకమ్మ రోజూ రెండు పూటలా కూతురి ముఖం కింద కూర్చునే పాలు పిండుతోంది.

ఇక ఏడాదికొకసారి, చచ్చిపోయినవాళ్ళకు పెట్టినట్టే, కూతురికి ఆకు వేయడం. ఎవరైనా తిథి చూసి పెట్టుకుంటారు. నాగరాజప్ప మాత్రం ఇంగ్లీషు తేదీనే పట్టుకున్నాడు, ఫ్లెక్సులో వేయించింది అదే గనక. దాంతో ఊరు మొత్తం మీద లవర్స్ డేను ఒక్క ఏడాది కూడా తప్పకుండా జరిపే ఇల్లు వాళ్ళదే అయింది. నవ్వాలో ఏడవాలో మీరే చెప్పండి.

పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి ఆకులో పెట్టడం ఆనవాయితీ. దాన్ని అక్కడ పడయల్ అంటారు. రాగి సంగటి, చిక్కుడుగింజల పులుసు, నువ్వుల ఒబ్బట్లు. మొదటి ఏడాది సాకమ్మ గుండ్రంగానే చేద్దామని కూర్చుంది. చెయ్యి దానంతటదే తమలపాకులు చేసింది. నాగరాజప్ప చూసి, వాటినే ఆకులో పెట్టాడు. అప్పటినుంచీ అవే. వండేటప్పుడు రుచి చూడకూడదు. ఆకు మిద్దె మీద పెట్టి పిలిచాక, కాకి వచ్చి ముట్టేదాకా ఇంట్లోవాళ్ళు నోట్లో ఏమీ వేసుకోకూడదు. ఒక్కపొద్దు ఉండాలి. కాకి ముడితే పోయినవాళ్ళు తిన్నట్టు.

ఐదేళ్ళూ కాకి తొందరగా రాలేదు. ఒక ఏడాది మూడు గంటలైంది, మరొక ఏడాది పొద్దు వాలింది. నాగరాజప్ప మిద్దె మీద నిలబడి ‘కా, కా’ అని గొంతు పోయేలా పిలిచేవాడు. సాకమ్మ ఆకలితో కళ్ళు తిరుగుతున్నా లోలోపల సంబరపడేది. బతికున్నదానికి కాకి ఎట్లా వస్తుంది? రాదు. రాకూడదు. అది ఎంత ఆలస్యమైతే కూతురు అంత నిండుగా బతికున్నట్టు ఆమెకు లెక్క. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఈ ఏడు, ఆ రోజుకు పది రోజుల ముందు, పాల సొసైటీ దగ్గర పక్కింటి చిన్నతాయి ఆమెను చాటుకు పిలిచింది. చిన్నతాయి చింతపండు గింజ తీసే పనికి నల్లంపల్లికి పోతోంది.

“అక్కా, ఎవురి దగ్గరా అనొద్దు. నీ పాపను చూసినాను.”

సాకమ్మ చేతిలోని క్యాను కింద పెట్టేసింది. “ఎట్లుండాది?”

“ఏడో నెల.”

సాకమ్మ చిన్నతాయి చెయ్యి పట్టుకుంది.

“సన్నబడిపోయినాదక్కా. తిన్నది తిన్నట్ల కక్కేస్తాదంట. ఏం తినాలనుండాది పాపా అని అడిగితి. మా అమ్మ చేతి నూగులొబ్బట్టు అనింది. అనేసి బిరబిరా లోపలికి పోయింది, మళ్ళా మొగం చూపించలా.”

ఏడో నెలలో కన్నతల్లి పలారాలు చేసుకుపోయి బిడ్డ నోట్లో పెట్టాలి. పేదింట్లో అయినా, ఊరు దూరమైనా, అది తప్పించరు. అత్తింటివాళ్ళు వంద పెట్టనీ, అది వేరు. ఆ పది రోజులూ సాకమ్మకు నిద్ర లేదు. పోవాలి, ఒక్క ఒబ్బట్టు తన చేత్తో ఆ పిల్ల నోట్లో పెట్టాలి. మొగుడికి తెలిస్తే ఏమైనా కానీ. కాన్పు అంటే మాటలా? ఏమవుతుందో ఏమో, ఈ కొరత ఉండిపోతే తను బతికీ చచ్చినట్టే. అయితే మామూలు రోజుల్లో ఇల్లు కదలడానికి ఏ సాకూ లేదు. నూనె, బెల్లం తీసుకుని పొయ్యి దగ్గర కూర్చుంటే ‘ఎవురికి?’ అని అడుగుతాడు. అడగకుండా ఉండేది ఏడాదిలో ఒక్క రోజే. అది ఆకు వేసే రోజే.

పద్నాలుగో తారీకు తెల్లవారగానే తలస్నానం చేసి పొయ్యి వెలిగించింది. ఎంత జాగ్రత్త పడిందో వినండి. దీపం పెట్టకముందే, కూతురి ఫోటోకు పూలు వేయకముందే, ముందుగా పన్నెండు ఒబ్బట్లు చేసి పక్కకు తీసింది. వాటికి పిండి వేరు, పూర్ణం వేరు, ఆఖరికి పెనం కూడా వేరు. దక్షిణం వైపు తిరగకుండా తూర్పుకు తిరిగి కూర్చుని కాల్చింది. ఇవి బతికున్న పిల్లవి. వీటికి ఆ ఆకు గాలి సోకకూడదు. వాటిని కొత్త డబ్బాలో పెట్టి మూత బిగించి, చీరల మడతల్లో దాచింది. ఆ తర్వాతే దీపం వెలిగించి, పడయల్‌కు వేరేగా వండింది. అన్నీ ఆలోచించింది.

“ఇదో, అరిటాకు, పూలు, కర్పూరం నేనే పాలక్కోడు పోయి తెస్తాను. నీ మోకాలు ఇంకా వాచే ఉండాది గదా” అంది.

నాగరాజప్ప అరుగు మీద మోకాలికి ఆముదం రాసుకుంటున్నాడు. తలెత్తి చూశాడు. ఆ రోజు అతను ఎక్కువ మాట్లాడడు. “ఉచ్చిపొద్దుకు వచ్చేయ్” అన్నాడు, మిట్టమధ్యాహ్నానికల్లా అని.

పాలక్కోడు దాకా ఒక బస్సు, ధర్మపురికి ఇంకొకటి, అక్కడినుంచి నల్లంపల్లికి మూడోది. ఆడవాళ్ళకు టికెట్టు లేని బస్సు కోసం కాచుకునే ఓపిక లేక, వచ్చిన బస్సల్లా ఎక్కింది. ధర్మపురి బస్టాండులో బేకరీల ముందు ఎర్ర బెలూన్లు కట్టి ఉన్నాయి. అన్నీ తమలపాకులే. డబ్బా ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. పక్కనున్నామె “ఏముందమ్మా అందులో?” అని తమిళంలో అడిగింది. “కూతురికి పలారం” అంది సాకమ్మ. ఆరేళ్ళ తర్వాత ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. హాయిగా అనిపించి, దిగేలోపు ఇంకొకామెకు కూడా చెప్పింది.

హైవే పక్కన పంక్చరు షాపు, వెనకాల రేకుల ఇల్లు. కలైయరసన్ లారీ టైరు విప్పుతున్నవాడు ఆమెను చూసి చేతిలో పానా వదిలేసి లేచాడు. ఎప్పుడూ ఎదురుపడింది లేదు, అయినా పోల్చుకున్నాడు. “వాంగ అత్తె” అన్నాడు, రండి అత్తయ్యా అని. అని, గ్రీజు చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక లుంగీకే తుడుచుకుని లోపలికి కేక వేశాడు.

తెన్మొళి గుమ్మంలోకి వచ్చింది. కళ్ళ కింద గుంటలు, సన్నటి చేతులు, పెద్ద కడుపు.  ఆ పిల్ల వచ్చి తల్లి మెడ మీద వాలిపోయింది. ఎంతసేపు ఏడ్చారో కలైయరసన్‌కే తెలియాలి, అతను బయట టైరు దగ్గరే నిలబడిపోయాడు.

“నా తెలుగు పోయింది మా” అంది తెన్మొళి ముక్కు చీదుకుంటూ. “ఈడ ఎవురితో మాట్లాడేది? దీంతోనే మాట్లాడతా ఉండాను” అని కడుపు చూపించింది.

“ఏమంటాది?”

“తంతాది” అని నవ్వింది. అచ్చం ఆనాటి నవ్వే.

గూట్లో ఎర్ర క్రీము పూసిన కేకు ముక్క ఒకటి కాగితంలో ఉంది. “మీ అల్లుడు ప్రతి ఏడూ ఈ రోజుకు తెస్తాడు. నేను తినను. ఆడ నాకు ఆకు వేస్తా ఉంటారు గదా, గొంతు దిగదు. ఈ పొద్దంతా నేను పస్తే” అంది. “ఆ ఫ్లెక్సు ఫోటో ఎవురో పంపించినారు మా. నా బుజం మీద నీ చెయ్యి ఉండాది, చూసినావా? అందరూ ఏడిపించే దానికి పంపినారు, నాకు మాత్రం అదొక దైర్యం. అమ్మ ఇంకా చెయ్యి తియ్యలేదు అనుకుంటా ఉంటాను.”

“ఎట్ల తీస్తానే పాపా” అని సాకమ్మ కూతురి భుజం మీద చెయ్యి వేసింది. డబ్బా మూత తీసింది. “ఇదో చూడు. ముందే చేసి తీసిపెట్టినాను, ఆకుకు పెట్టినవి కాదు. పిండి వేరే, పెనం వేరే. దీపం పెట్టకముందే చేసినాను. నీ మీద ఆన.”

నువ్వులు, బెల్లం వాసన గదంతా నిండింది. తెన్మొళి కళ్ళు మూసుకుని ఆ వాసన పీల్చుకుంది. వాంతి రాలేదు. ఒక ఒబ్బట్టు తీసుకుని చీలిక దగ్గర రెండుగా విరిచింది. పిల్లప్పటినుంచీ దానికి అదొక అలవాటు, మొదటి ముక్క తల్లికే.

“నువ్వు తిను ముందు. పొద్దున లేచి ఎప్పుడు బయల్దేరినావో, ఏమీ తిని ఉండవు” అని ముక్కను తల్లి నోటి దగ్గర పెట్టింది.

సాకమ్మ నోరు గట్టిగా మూసుకుంది. తల పక్కకు తిప్పేసింది.

“వద్దు పాపా, నేను ఒక్కపొద్దు.”

మాట జారిపోయింది. ఆమె అనాలని అన్నది కాదు. ఐదేళ్ళుగా ఈ తారీకున ఎవరేం పెట్టబోయినా ఆ నోటి నుంచి వచ్చేది ఆ మాటే, అదే వచ్చింది. పిండి వేరు పెట్టింది, పెనం వేరు పెట్టింది, తన కడుపు సంగతి ఒక్కటి మరిచిపోయింది.

తెన్మొళి చెయ్యి అక్కడే ఆగింది.

“ఎవురికి?”

సాకమ్మ డబ్బా మూత చేతిలోకి తీసుకుంది.

“ఎవురికి మా ఒక్కపొద్దు? నాకా?”

“లేదు పాపా, మీ నాయన... ఇయ్యి, తింటాను. ఇయ్యే, తింటానంటా ఉండా గదా!” సాకమ్మ ఆ ముక్క కోసం రెండు చేతులూ చాచింది. నోరు కూడా తెరిచింది, పసిపిల్లలా.

“వద్దులే మా.” తెన్మొళి గొంతు పెంచలేదు. “నేను పెట్టినప్పుడు నీ నోరు మూసుకునె. నువ్వు మూసినావా, అదే మూసుకునె. నీకు తెలీకుండానే.”

“ఇవి ముందే పక్కకు తీసినవి పాపా, నీ కోసరమే...”

“ఒబ్బట్లను తీసినావు మా. నువ్వు తప్పుకోలా.” విరిచిన రెండు ముక్కలనూ డబ్బాలో జాగ్రత్తగా పెట్టింది. కడుపు మీద చెయ్యి వేసుకుంది. “కర్మం చేసే చేతి వంట కడుపుతో ఉండేది తినకూడదు. ఎదురింట్లో అవ్వ చచ్చిపోయినప్పుడు కడుపుతో ఉన్న పక్కింటి అక్కను నువ్వే గదా వాకిట్లో నించి లాక్కొచ్చింది. నా మటుకైతే తినేద్దును. దీనికి ఎట్ల పెట్టేది?”

 ఆ మాట సాకమ్మ చెప్పిందే, తను నమ్మిందే. ఇప్పటికీ నమ్ముతుంది. అదే కదా ఖర్మ.

తెన్మొళి లోపలికి వెళ్ళి పాత డబ్బా తెచ్చింది. మూత మీద తాత పేరు. తళతళలాడేలా తోమి ఉంది. తల్లి తెచ్చిన ఒబ్బట్లన్నీ ఒక్కొక్కటే అందులోకి మార్చి మూత పెట్టింది. “సాయంత్రం తెస్తానంటిని గదా” అంది. నవ్వబోయింది, రాలేదు. “పో మా. ఆడ పొద్దు మించిపోతాది. నాయన పస్తు ఉంటాడు.”

కలైయరసన్ బస్సు ఆపి ఎక్కించాడు. “మళ్ళీ రండి అత్తయ్యా” అన్నాడు తమిళంలో. పాపం, అతనికి ఏం జరిగిందో తెలియదు. తెన్మొళి గుమ్మం దాటి బయటికి రాలేదు.

పాలక్కోడులో మరచిపోకుండా అరిటాకు, పూలు, కర్పూరం కొంది. ఇంటికొచ్చేసరికి ఒంటిగంట దాటింది. నాగరాజప్ప గడ్డం గీయించుకుని, స్నానం చేసి, తడి పంచెతోనే అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆలస్యమెందుకైందని అడగబోయి, సంచిలో నుంచి పైకి కనబడుతున్న డబ్బా చూశాడు. తన తండ్రి పేరు చూశాడు. ఆ పేరు చదవడానికి అతను కూడబలుక్కోవాల్సిన పని లేదు.

సాకమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. కొడతాడనుకుంది. కొట్టినా బాగుండుననుకుంది.

నాగరాజప్ప డబ్బా అందుకుని మూత తీశాడు. తమలపాకు ఒబ్బట్లు. పదకొండు నిండువి, ఒకటి విరిచినది. చాలాసేపు వాటినే చూశాడు.

“తినలేదా?” అన్నాడు.

“లేదు.”

 నాగరాజప్ప మోకాలు పట్టుకుని లేచి, ఆకు, డబ్బా తీసుకుని మిద్దె మెట్లు ఒక్కొక్కటే ఎక్కాడు. సాకమ్మ సంగటి, పులుసు పట్టుకుని వెనకాల వెళ్ళింది. ఆకు పరిచి అన్నీ వడ్డించాక అతను డబ్బా బోర్లించినట్టుగా వంచి, పన్నెండూ ఆకులో పెట్టేశాడు. కర్పూరం వెలిగించాడు. ఒక్కసారి ‘కా’ అని పిలిచాడు.

రెండోసారి పిలవనే లేదు. కాకి వచ్చేసింది. మిద్దె పిట్టగోడ మీద వాలి, అటూ ఇటూ చూసి, ఆకు మీదికి దూకింది. సంగటి జోలికి పోలేదు, ఒబ్బట్టు అంచు ముక్కుతో పొడిచి ఎత్తుకుపోయింది. దాని వెనకాలే ఇంకో రెండు వచ్చాయి.

“ఈ ఏడు తొందరగా వచ్చినాది” అన్నాడు నాగరాజప్ప. ఆ మాట ఎందుకన్నాడో అతనికే తెలియదు. పైపంచె ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. పంచె దించి, “తిను. పొద్దున్నించి పస్తు ఉండావు” అన్నాడు.

సాకమ్మ ఆకు ముందు కూర్చుంది. నిండువాటి కింద ఆ విరిచిన ముక్క కనబడింది. చీలిక దగ్గర కూతురి గోటి నొక్కు ఇంకా అట్లాగే ఉంది. దాన్ని తీసుకుని నోట్లో పెట్టుకుంది. ఈసారి నోరు తెరుచుకుంది.

పొద్దున రుచి చూడకుండా చేసిన ఒబ్బట్టు. బెల్లం సరిపోయింది. నువ్వులు సరిగ్గా వేగాయి.